అరుగు మీద మజ్జిగ ముంత

మామ్మ పోయిందన్న కబురు నాకు మిరపకాయల మధ్య అందింది. ప్రత్తిపాడు శివారులో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డులో వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నాం. ఫోను మోగుతోంది. కాయల్లో చేతులున్నప్పుడు ఫోను తీయాలంటే నాకు భయం. ఆ తర్వాత అదే ఫోను చెవికీ చెంపకీ తగిలి సాయంత్రం దాకా మండుతుంది. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. "తియ్యమ్మా, మూడోసారి మోగుతుంది."

తీస్తే మా అత్తయ్య. "పరుపుల మామ్మ పోయింది. పాపని తీసుకుని నేను వాళ్ళింటికాడే ఉన్నా. నువ్వు కూడా రా," అని పెట్టేసింది.

నాకు ఏడుపు రాలేదు. ముందు నా చేతులకేసి చూసుకున్నాను. ఎందుకో మీకు చెప్పాలంటే మామ్మ గురించి మొదటినుంచీ చెప్పాలి.

ఆమె మా వీధి చివర పరుపులూ దిండ్లూ కుట్టేది. ముస్లింల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మొగుడు ఎప్పుడో పోయాడు, కొడుకు సింగరాయకొండలో చిన్న పరుపుల కొట్టు పెట్టుకున్నాడు. రమ్మంటే వెళ్ళేది కాదు. ఊళ్ళో అందరికీ ఆమె పరుపుల మామ్మే. నేను కనిగిరి నుంచి కోడలిగా వచ్చినదాన్ని, నాకు ఆమె ఏమీ కాదు. ఇలా రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, నిజం అదే. ఏమీ కానామె నా కోసం ఊపిరి పోగొట్టుకుంది. అందులో నా తప్పు కూడా ఉంది.

డిగ్రీ రెండో ఏడులో పెళ్ళయింది, మూడో ఏడు పరీక్షలు కడుపుతో రాశాను. నాకు తెలుగు టీచర్ కావాలని కోరిక. పాపకు ఎనిమిది నెలలప్పుడు గుంటూరులో బీఎడ్ సీటొచ్చింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దని ఉంటే పోట్లాడటానికైనా ఒక మనిషి ఉండేవాడు. మా ఆయన ట్రాలీ ఆటో తోలతాడు. అత్తయ్యా మామయ్యా కౌలు చేనుకి పొద్దున్నే పోతే మళ్ళీ సాయంత్రమే. మా అమ్మ కనిగిరిలో మంచాన ఉన్న మా నాన్నను వదిలి రాలేదు. అంగన్‌వాడీలో మూడేళ్ళు నిండితేనే కూర్చోబెట్టుకుంటారు. కాలేజీలో హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. అందరూ నా చదువు మంచిదే అన్నారు, కానీ పిల్లను పట్టుకోవడానికి ఒక్కరికీ చేతులు ఖాళీ లేవు.

సీటు వదిలేసి సర్టిఫికెట్లు తెచ్చుకుందామని పాపను చంకనేసుకుని బయలుదేరాను. బస్సాగే చోటు మామ్మ అరుగుకి ఎదురుగానే. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తింది.

"ఎక్కడికే పిల్లనేసుకుని ఈ ఎండలో?"

"గుంటూరు. సీటు వద్దని చెప్పి రావడానికి."

"వద్దని చెప్పటానికి పిల్లెందుకు? ఇటియ్యి."

ఇచ్చాను. పాప ఏడవలేదు, ఆమె చెవి కమ్మ పట్టుకుంది. బస్సు కనిపిస్తోంది. మామ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎట్టాగూ పోతున్నావుగా. ఆ వద్దనేదేదో అనకుండా రా."

అనకుండా వచ్చాను.

ఆ అరుగు మీద అప్పటికే ఇద్దరు పిల్లలున్నారని నాకు తర్వాత తెలిసింది. ఒకరు పాలిటెక్నిక్ చదివే అమ్మాయి కొడుకు, ఇంకొకరు నర్సింగు చదివే అమ్మాయి కూతురు. ఆ తల్లులిద్దరూ నాకంటే చిన్నవాళ్ళు. మిరప కోతలు మొదలైతే కూలికి పోయే తల్లుల పిల్లలు కూడా వచ్చి చేరేవాళ్ళు. వసారా దూలానికి చీర ఉయ్యాలలు రెండు ఎప్పుడూ ఊగుతుండేవి.

ఆ ఇంటికి ఒక్కటే చట్టం. అరుగు మీద గడప పక్కన మట్టి ముంతలో పులిసిన మజ్జిగ ఉంటుంది. మిరపకాయలు ముట్టుకుని వచ్చిన తల్లి ముందు ఆ మజ్జిగతో చేతులు రుద్దుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి, ఆపైన మామ్మ ముక్కు దగ్గర పెట్టాలి. ఆమె వాసన చూసి సరేనంటేనే బిడ్డ. పిల్ల తల్లిని చూసి గుక్కపెట్టి ఏడుస్తున్నా ఇచ్చేది కాదు. "ముందు చేతులు, తర్వాతే బిడ్డ," అనేది. ఓసారి నేను విసుక్కున్నాను. "నేను కాలేజీ నుంచి వస్తున్నా మామ్మా, కాయలెక్కడ ముట్టుకున్నా?"

"సుద్దముక్క ముట్టుకున్నావుగా. కడుగు."

ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ కాస్త నవ్వొస్తుంది. పాఠం ఎలా చెప్పాలో రాసుకుని, దాన్ని ముందుగా ఆ వసారాలోనే చెప్పేదాన్ని. పిల్లలు బోర్లాపడి తమ గొడవలో తాముండేవాళ్ళు. మామ్మ ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, సందేహమొస్తే చెయ్యెత్తేది. ఒక పద్యానికి అర్థం చెబుతుంటే, "టీచరమ్మా, ఆ రాజుకి తిండికి లోటు లేదు గదా, మరెందుకు ఏడుస్తున్నాడు?" అని అడిగింది. నోటుపుస్తకం తిరగేశాను. "నాకర్థమైందంటే పిల్లలకి అర్థమైనట్టేనే. నాకింకా కాలా, మళ్ళీ చెప్పు," అనేది. అంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకింక దొరకదు. ఇంకో విద్యార్థి దొరికే దారే లేకుండా పోయిందనుకోండి.

పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కూర్చి కుట్టడం ఆమె పని. ఆ దూది నుంచి లేచే నలుసు గాలిలో తేలుతూ ఉంటుంది. పిల్లలు రాకముందు ఆమె ఆ పని వసారాలో గాలికి కూర్చుని చేసేదట. పిల్లలొచ్చాక దూదిని లోపలి గదిలోకి మార్చింది. నలుసు ఉయ్యాలల మీదికి రాకుండా తలుపూ కిటికీ రెండూ మూసుకునేది. పిల్లలు పడుకోగానే లోపలికి పోయేది, ఒకరు కదిలితే బయటికి వచ్చేది. వచ్చేటప్పుడు కనుబొమలు తెల్లగా ఉండేవి. చీర దులుపుకుని, మొహం కడుక్కుని అప్పుడు ఎత్తుకునేది. పిల్లల కోసం మూసిన ఆ గదిలో నలుసంతా ఆమే పీల్చింది. నేను బీఎడ్‌లో చేరిన మొదటి ఏడే దగ్గు పట్టుకుంది. గుంటూరు డాక్టరు దూది పని మానాలన్నాడు. "మానితే తినేదేంటో కూడా రాసివ్వమను," అని నవ్వేసింది.

అప్పుడే కాలేజీ బోర్డు మీద కాగితం అంటించారు. చదువుకునే తల్లులకు పిల్లల సంరక్షణ సాయం. ఏ కాలేజీలో చదివేవాళ్ళకైనా ఎవరో ట్రస్టువాళ్ళు ఇస్తారట. పిల్లను చూసే మనిషికి నెలనెలా జీతం నేరుగా వాళ్ళే పంపుతారు. ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు కలలు కన్నాను. మామ్మ దూది మానేస్తుంది, కిటికీ తెరుస్తుంది, నా బీఎడ్ పూర్తవుతుంది. నేనూ, పాలిటెక్నిక్ అమ్మాయీ, నర్సింగు అమ్మాయీ ముగ్గురం దరఖాస్తు పెట్టాం.

అందులో ఒక పేజీ ఒప్పందం. పిల్లను చూస్తున్నందుకు జీతం తీసుకుంటానని మామ్మ వేలిముద్ర వేయాలి. పిల్లల విషయంలో ఆమె దగ్గర డబ్బు మాట ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి పండక్కి చీర పట్టుకెళ్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకని అసలు సంగతి చెప్పలేదు. "పాప ఎవరిదగ్గర ఉంటుందో కాలేజీలో రాసివ్వాలంట మామ్మా," అన్నాను. నేను చూపించిన చోటల్లా వేలు పెట్టింది. చదువుకున్నదాన్ని కదా, నన్ను నమ్మింది.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది. అడక్కుండానే టీ పెట్టిచ్చింది.

"ఇయ్యాల మీ కాలేజీ తరఫునంట, ఒకామొచ్చింది. కళ్ళజోడు, చేతిలో కాగితాలు. ఈ పిల్లల్ని చూసినందుకు ఎంత తీసుకుంటావు మామ్మగారూ అంది. మొహం మీదే చెప్పా."

"ఏం చెప్పావు?"

"పైసా తీసుకోలేదు, తీసుకోను, బిడ్డనెత్తుకుని కూలడిగే ఇల్లు కాదు మాదని. రాసుకోమన్నా. రాసుకుంది." గర్వంగా నా వంక చూసింది, మెచ్చుకుంటానని.

నా చేతిలో టీ అలాగే ఉండిపోయింది. ఎనిమిది రోజులకు జవాబొచ్చింది. పిల్ల సంరక్షణకు ఖర్చు అవుతున్నట్టు విచారణలో తేలలేదు కనుక సాయం మంజూరు కాలేదు. ముగ్గురికీ అదే ముక్క.

ఆ కాగితం పట్టుకుని ఆమె అరుగు మీదే నిలబడి అరిచాను. చేతులు కూడా కడుక్కోలేదు. "నీ గొప్ప కోసం నా చదువు తీసేశావు మామ్మా. ఒక్క అవునన్న మాట అనుంటే నీ దగ్గు కూడా పోయేది." ఆ ఒప్పందం ఏమిటో ఆమెకు దాచిపెట్టింది నేనే. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు లేనట్టే అరిచాను.

ఆమె కోప్పడలేదు. దిండు గలీబు మడతపెడుతూ చెప్పింది. ఆమెకు మొదట ఒక ఆడపిల్ల పుట్టిందట. అప్పుడు మామ్మ మిరప కల్లాల్లో కూలికి పోయేది. పసిబిడ్డను కల్లంలో పడుకోబెట్టలేక, పక్కింటావిడను చూడమని అడిగింది. "ఏమిస్తావు, అంది. నా దగ్గరేముందే ఇయ్యటానికి? బిడ్డనేసుకుని కల్లానికే పోయా. ఆ ఎండలో, ఆ ఘాటులో మూడు రోజులు దగ్గింది. నాలుగో రోజు లేదు. పోయేముందు నా చేతులు పట్టుకోబోతే మండి ఏడ్చింది. కాయలు ఏరిన చేతులుగా." మడతపెట్టిన గలీబు విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఆ ఏమిస్తావు అన్న మాట నా నోట రాకూడదనుకున్నా. ఇన్నేళ్ళూ రాలా. ఇట్టా అయిద్దని నాకేం తెలుసే."

నేనప్పుడు ఆమె కాళ్ళ మీద పడాల్సింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు బస్సు దగ్గరకొచ్చేసరికి మామ్మ ఉతికిన చీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని తయారుగా ఉంది. పిల్లల్ని ఆ ఒక్కరోజుకి ఎవరికో అప్పజెప్పింది. "పద. ఆ ఆఫీసు ఎక్కడో చూపించు."

ట్రస్టు ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. నాలుగు మెట్లెక్కడం, గోడ పట్టుకుని నిలబడడం, మళ్ళీ నాలుగు మెట్లు. కళ్ళజోడు మేడమ్ లేదు. బల్ల దగ్గర కుర్రవయసు గుమాస్తా ఒకడున్నాడు. మామ్మ ఆయాసం తగ్గేదాకా కూడా ఆగలేదు.

"అయ్యా, నేను కూలి తీసుకుంటా. రాసుకో. నెలనెలా తీసుకుంటా. ఆరోజు ఆమెకి అబద్ధం చెప్పా."

అతను లేచి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. మంచివాడే. "లిస్టు పైకి పంపేశారండి మామ్మగారూ. ఇప్పుడు నేను చేసేదేం లేదు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోండి."

"వచ్చే ఏడు దాకా ఎందుకయ్యా? తీసుకుంటానంటున్నాగా. ఎంతిచ్చినా తీసుకుంటా." గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. జీవితంలో ఎవరినీ అడగని మామ్మ కూలి కావాలి, కూలి కావాలి అని మూడుసార్లు అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపాను.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఇరువైపులా పత్తి చేలు విచ్చి ఉన్నాయి. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది.

"నా నోటితో అన్నా, విన్నావుగా?"

"విన్నా మామ్మా."

"అయినా ఇయ్యలా."

మరుసటి ఏడు బోర్డు మీద అలాంటి కాగితమేదీ అంటించలేదు. అడిగితే ఆ సాయం ఆగిపోయిందన్నారు.

అంతటితో ఆమె మమ్మల్ని వదిలేస్తే బాగుండేది. వదల్లేదు. "బస్సు ఆగదు, బిడ్డ ఆగిద్ది, నువ్వు పో," అంటూ నన్ను రోజూ తరిమింది. తలుపు మూసుకుని దూది ఏకుతూనే ఉంది. లోపలి నుంచి దగ్గు బస్సాగే చోటిదాకా వినిపించేది. నేను విన్నాను. విని బస్సెక్కాను. రెండో ఏడు సగం దాకా అలా ఎక్కుతూనే ఉన్నాను.

ఇంకో రెండు వారాల్లో బడికి వెళ్ళి నిజం పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణ మొదలవుతుందనగా, ఒక సాయంత్రం బస్సు దిగేసరికి అరుగు ముందు జనం. మామ్మ గడపకు ఆనుకుని కూలబడి ఉంది, మాట రావడం లేదు. దగ్గుతెర వచ్చి ఆమె లేవలేని ఆ కాసేపట్లో నా కూతురు అరుగు దిగి రోడ్డు మధ్యకు నడిచిపోయింది. పాల వ్యాను తోలే అతను బ్రేకు వేసి, దిగి ఎత్తుకొచ్చాడు. పాపకు గీత కూడా పడలేదు. నన్ను చూసి నవ్వుతోంది.

అత్తయ్య పాపను చంకనేసుకుంది. మామ్మే అంది, గొంతు పెగుల్చుకుని. "ఇంక నీ బిడ్డని నాకియ్యమాక."

నేను కాలేజీ మానేశాను. పాలిటెక్నిక్ అమ్మాయి, నర్సింగు అమ్మాయి కూడా నెల తిరక్కుండా మానేశారు. ఉయ్యాలలు విప్పేశారు. నేను తొడిమలు తీసే పనికి చేరాను. నా బీఎడ్ పుస్తకాలు అటక మీద ఉన్నాయి, పాఠాలు రాసుకున్న నోటుపుస్తకాలతో సహా.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ తర్వాత నేను ఆ అరుగు ముందుగా నడవడం మానేశాను. వెనక సందులోంచి పనికి పోయేదాన్ని. ఆమె నన్ను చూస్తే బాధపడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమెను చూడలేక. పాప మాత్రం అంగన్‌వాడీ వదలగానే అక్కడికే పరుగెత్తేది. ఆమె వద్దన్నా వెళ్ళి పక్కన కూర్చునేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. పాప ఒకరోజు ఇంటికొచ్చి, "టీచరమ్మ ఎప్పుడొచ్చిద్దని మామ్మ అడిగింది," అంది. రేపు వెళ్దామనుకున్నాను. అలా ఎన్ని రేపులు పోయాయో.

ఆరోజు కబురు విని షెడ్డులోంచి లేచింది నేనొక్కదాన్నే కాదు. ఆ అరుగు మీద ఎప్పుడో ఒకప్పుడు బిడ్డను పడుకోబెట్టినవాళ్ళం తొమ్మిది మందిమి లేచాం. కొడుకు ఇంకా సింగరాయకొండ నుంచి దారిలో ఉన్నాడు. లోపల వాళ్ళ ఆడవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. మూసి ఉండే గది కిటికీ ఎవరో బార్లా తెరిచారు.

మేం అరుగు దగ్గరకొచ్చి ఆగిపోయాం. ఒక్కరం కూడా పైకి అడుగు పెట్టలేదు. అందరం గడప పక్కనే చూస్తున్నాం. అక్కడ ముంత లేదు. ముంత పెట్టే చోట నేల మీద గుండ్రటి మరక ఉంది. మా ఇల్లు నాలుగిళ్ళ అవతలే. వెళ్ళి చేతులు కడుక్కుని రావచ్చు. ఆ సంగతి మాకు తెలుసు. అయినా ఎవరం కదల్లేదు. మండే చేతులు దూరంగా పట్టుకుని, ఎవరైనా వచ్చి మజ్జిగ పెడతారన్నట్టు వీధిలో నిలబడి ఉన్నాం.

లోపలి నుంచి నా కూతురు వచ్చింది. చాలాసేపు ఏడ్చినట్టుంది, మొహమంతా చారలు. నన్ను చూడగానే రెండు చేతులూ చాచి పరుగెత్తుకొచ్చింది. నేను వంగాను.

రెండడుగుల దూరంలో అది ఆగిపోయింది. నా ఎర్రటి వేళ్ళకేసి చూసింది. గడప పక్కకు చూసింది. చేతులు దించేసింది. ఏడవకుండా, గొడవ చేయకుండా వెళ్ళి ఆ మరక పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది, మామ్మ వచ్చి నా చేతులు వాసన చూసేదాకా ఆగాలన్నట్టు.